పదిహేనేళ్ళ కోటేశ్వరమ్మ

నా భార్య కోటేశ్వరమ్మకు పదిహేనేళ్ళని ప్రభుత్వంవారు తేల్చేనాటికి మాకు పెళ్ళయి యాభై ఏళ్ళు దాటింది. ఈ రెండు సంగతులూ ఒకే కాపురంలో ఎలా ఇముడుతాయని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఆఫీసుకు వెళ్ళి అడిగితే, పెళ్ళిని పాత పద్ధతిలో లెక్కించారనీ, వయసును కొత్త పద్ధతిలో లెక్కించారనీ, రెంటినీ ఒకచోట పెట్టి చూడటం నాదే తప్పనీ చెప్పారు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషిని. పేరు సాంబశివరావు. సగం టిక్కెట్టు కోసం మీసాలు మొలిచిన కొడుకును పన్నెండు నిండలేదని బొంకే తల్లుల్ని ఎంతమందిని చూశానో చెప్పలేను. అలాంటప్పుడు కుర్రాణ్ణి ఒకసారి లేచి నిలబడమనేవాణ్ణి, అంతటితో తేలిపోయేది. మనిషిని చూసి వయసు చెప్పడం పెద్ద విద్యేమీ కాదని నా నమ్మకం. అది ఎంత మోటు నమ్మకమో ఈమధ్యనే తెలిసింది.

కోటేశ్వరమ్మకు రెండు కళ్ళలోనూ పొరలు వచ్చాయి. ఆమె కుట్టుమిషను మనిషి. మా వీధిలో అత్తకూ కోడలికీ మనవరాలికీ కూడా జాకెట్లు కుట్టింది. ముందు సూదిలో దారం ఎక్కించడం మానేసింది, తరువాత మిషను మీద దుప్పటి కప్పేసింది. చివరికి నేను గుమ్మంలో నిలబడితే "ఎవరండీ" అని అడిగేదాకా వచ్చింది. పెద్దాసుపత్రిలో కళ్ళ డాక్టరుగారు చూసి, పొర బాగా ముదిరిపోయింది, నెలా రెండు నెలల్లో తీయించకపోతే కన్ను దక్కదు అన్నాడు. అరవై దాటినవాళ్ళకు అక్కడే తీస్తారట. మంచిదే కదా అని కౌంటరు దగ్గరికి పోయి ఆధార్ కార్డు ఇచ్చాను.

గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో పుట్టినతేదీ ఉంది బాబాయ్ గారూ. మాకు వయసు కావాలి" అన్నాడు.

పుట్టినతేదీకీ వయసుకూ సంబంధం తెగిపోయి అప్పటికే కొన్నాళ్ళయిందట. నేను రోజూ పేపరు తిరగేస్తాను గానీ ఈ వార్త ఎలా తప్పిపోయిందో తెలియదు. ఎక్కడో ఒక చల్లటి హాల్లో పెద్ద సభ జరిగింది. అందులో ఒక నిపుణుడు తెర మీద బొమ్మలు వేసి, దేశంలో కొందరు ముసలివాళ్ళు రీళ్ళు తీస్తున్నారనీ, కొందరు కుర్రవాళ్ళకు ఒక మెయిలు పంపడం కూడా రాదనీ చూపించాడు. అలాంటప్పుడు పుట్టినతేదీని పట్టుకుని వేలాడటం అశాస్త్రీయం అన్నాడు. మనిషి ఇంటర్నెట్టును ఏ తరంవాడిలా వాడతాడో ఆ తరంవాడే అని తీర్మానించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళు కూడా ఉండటంతో మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చేసింది. ఆపైన పింఛను, బడి, ఆపరేషను, బస్సులో ముందు సీటు, అన్నీ డిజిటల్ వయసును బట్టే.

మా ఊళ్ళో డిజిటల్ వయోనిర్ధారణ కేంద్రాన్ని పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. ఆ వరండాలోనే ఇదివరకు ఎద్దుల పళ్ళు చూసి వయసు చెప్పేవారు. ఎప్పుడూ తప్పు పోయేది కాదు.

కేంద్రం అధికారి కాశీవిశ్వనాథం గారు మర్యాదస్తుడే. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "తమరు ఏమాత్రం ఆందోళన చెందవలసిన పనిలేదమ్మా. ఇది పరీక్ష కాదు. తరనిర్ధారణ ప్రక్రియ. ఇంట్లో ఫోను ఎట్లా వాడతారో ఇక్కడా అట్లాగే వాడండి" అన్నాడు.

"ఎవరు మాట్లాడేది? ఆ బీరువా దగ్గర ఆయనేనా?" అని అడిగింది కోటేశ్వరమ్మ. బీరువా దగ్గర ఎవరూ లేరు.

ఇద్దరు సిబ్బంది ఎదురుగా కూర్చుని టిక్కులు పెట్టడానికి సిద్ధమయ్యారు. ఆమె ఫోను తీసి ముక్కుకు ఆనించుకుంది. అప్పుడే ఆమెకు దాని వెలుగు తెలుస్తుంది. సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గమనించారా?" అన్నాడు కాశీవిశ్వనాథం గారు. "పెద్దవారు ఫోనును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, గడ్డం పైకెత్తి చూస్తారు. ఈవిడ మొహానికి హత్తుకున్నారు. ఇది నవతరం లక్షణం."

"కనపడక అండీ. పొరలు" అన్నాను.

"కారణాలకు ప్రక్రియలో తావు లేదండీ. లక్షణాలు మాత్రమే నమోదు చేస్తాము."

తెలుగులో ఒక మెసేజి పంపి జవాబు రాయమన్నారు. అక్షరాలు కనపడనిదానికి రాయడం ఎక్కడిది? ఫోనునే చదవమని చెప్పి, విని, దానితోనే మాట్లాడి పంపింది. కీబోర్డు విసర్జన అని ఒక టిక్కు పడింది. తరువాత ఒక దండం బొమ్మ, ఒక పువ్వు బొమ్మ పంపింది. ఆ రంగులు తెర మీద ఏ మూల ఉంటాయో ఆమె వేలికి గుర్తు. అక్షర విసర్జన అని ఇంకో టిక్కు. తెలియని నంబరు నుంచి ఫోను చేశారు. ఎవరు చేస్తున్నదీ కనపడక ఆమె దాన్ని మోగనిచ్చింది. నాలాంటివాడైతే ఎత్తి, ఎవరండీ, ఏ ఊరండీ, ఎవరు కావాలండీ అని వరసగా అడిగి ఉండేవాణ్ణి. తెలియని ఫోను ఎత్తకపోవడం కుర్రతనానికి అతి పెద్ద గుర్తట.

ఆఖరున నరసరావుపేటలో ఉన్న చెల్లెలికి ఫోను చేయమన్నారు.

"ఏం మాట్లాడతారన్నది కాదు, ఎట్లా పెట్టేస్తారన్నది ముఖ్యం" అని కాశీవిశ్వనాథం గారు నాకు విడమరిచి చెప్పాడు. "మన పెద్దలు ఫోను ఒక్కసారిగా పెట్టరు. సరే ఉంటాను అంటారు. ఆ, ఉంటా మరి అంటారు. అన్నట్టు అని మళ్ళీ మొదలుపెడతారు. కనీసం మూడు ఉంటానులు పడాలి. దీన్ని మేము వీడ్కోలు సూచిక అంటాము. మన తెలుగువారి కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన కొలమానం."

కోటేశ్వరమ్మ ఫోనును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకోబోయి ఎక్కడో నొక్కింది. "అక్కా, మొన్న ఏమయిందంటే" అంటున్న చెల్లెలు అక్కడికక్కడే తెగిపోయింది. వీడ్కోలు సూచిక సున్నా.

యంత్రంలోంచి కాగితం బయటికి వచ్చింది. కుమారి కోటేశ్వరమ్మ, వయసు పదిహేను. కాశీవిశ్వనాథం గారు మళ్ళీ లేచి నమస్కారం పెట్టబోయి, పదిహేనేళ్ళ పిల్లకు నమస్కారం పెట్టడం నియమావళికి విరుద్ధమని గుర్తొచ్చిందేమో, చెయ్యెత్తి దీవించాడు.

పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సామెత నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను గానీ, దాన్ని ప్రభుత్వం అమల్లో పెట్టగా చూడటం ఇదే మొదలు. పొరల వల్ల ఈవిడ పడుచుపిల్ల అయింది. పొరలు తీస్తే ముసలిది అవుతుంది. ముసలిది అయితేగాని పొరలు తీయరు.

"పోన్లెండి" అంది కోటేశ్వరమ్మ ఆటోలో. "నీకు వయసైపోయింది, నీకు కుట్టటం రాదంటా ఉంది గదా ఆ ఎదురింటి కోడలు. రేపు ఈ కాగితం తీసుకెళ్ళి మొహాన కొడతా." నవ్వుతూనే దిగి, రోజూ దిగే మెట్టే అయినా తడుముకోవడం మరిచిపోయి పడింది. మోకాలు చీరుకుపోయింది. ఆ రాత్రంతా నాకు కాశీవిశ్వనాథం గారి మీద కోపం వస్తూనే ఉంది. ఏం లాభం.

ప్రైవేటులో చేయించవచ్చు కదా అంటారు. వెళ్ళాం. వాళ్ళూ అదే కాగితం అడిగారు. పదిహేనేళ్ళ పిల్లకు ముసలి పొరలు తీశారని తెలిస్తే వాళ్ళ లైసెన్సు పోతుందట. కాగితం తెచ్చిన నేరానికి, మీ పాపను బాగా చదివించండి అని ఒక సలహా కూడా ఇచ్చి పంపారు.

పునఃపరీక్షకు అవకాశం ఉందని తెలిసి, నేను ఆమెకు ముసలితనం నేర్పడం మొదలుపెట్టాను. ఫోను దూరంగా పెట్టి చూడు అన్నాను. "దూరం పెడితే ఫోనే కనపట్టంలేదు, ఇంక అందులో ఏం చూసేది?" అంది. పొద్దున్నే అందరికీ గులాబీపువ్వు మీద శుభోదయం అని ఉన్న బొమ్మ పంపమన్నాను. ఏది గులాబీయో తెలియక ఎవరిదో దినకర్మ ఆహ్వానం భజన గ్రూపు మొత్తానికి పంపింది. అందరూ దానికి దండాలే పెట్టారు. రెండోసారి వెళితే పద్నాలుగు వచ్చింది. వయసు తగ్గించడం నియమాల్లో లేదని పదిహేనే ఉంచారు. ఇంకోసారి వెళితే ఒడిలో కూర్చోబెట్టుకోవాల్సి వస్తుందని మానేశాను.

ఈలోగా మా ఇంటికి శిశు సంరక్షణాధికారిణి హైమవతి గారు వచ్చారు. వెనకాల ఒక కానిస్టేబులు, అతని వెనకాల ఒక కొత్త సైకిలు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "బాలికను వివాహమాడిన సాంబశివరావు అనే వ్యక్తి మీరేనా?" అని అడిగారు.

"నేనేనమ్మా. అప్పట్లో బాలిక కాదు. ఈమధ్యే అయింది."

"వాదనలు తరువాత. బాలికతో ఏకాంతంగా మాట్లాడాలి" అని నన్ను వసారాలోకి పంపారు. వసారాకూ గదికీ మధ్య ఉన్నది పాత చీరతో కుట్టిన తెర ఒక్కటే కాబట్టి అన్నీ వినపడ్డాయి.

"భయపడకమ్మా. నిన్ను ఎవరైనా బలవంతపెట్టి ఈ పెళ్ళి చేశారా?"

"చేశారు తల్లీ. మా నాయన. నాకీయన నచ్చలేదు, పొట్టిగా ఉన్నాడంటే వినలా."

"ఆయన ఎక్కడున్నారు?"

"పోయి ముప్పై ఏళ్ళయింది."

హైమవతి గారు గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపించింది. "చూడు పాపా, నీకింకా వయసు రాలేదు. జీవితమంటే ఏమిటో తెలియదు."

"వయసు రావటమూ అయింది, పోవటమూ అయింది తల్లీ. నువ్వు కాస్త దగ్గరికొచ్చి మాట్లాడు, మనిషివి ఎట్టా ఉంటావో తెలియటంలా."

"నీకు చదువుకోవాలని ఉందా?"

"ఉంది" అంది కోటేశ్వరమ్మ. "కళ్ళు కనపడితే చదువుకోవాలనే ఉంది. ఐదో తరగతిలో మానిపించారు."

హైమవతి గారు బయటికి వచ్చేసరికి ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. బాలికకు చదువు మీద ఎంత తపన ఉందో రాసుకున్నారు. కళ్ళు కనపడితే అన్న మాట రాసుకోవడానికి ఆ కాగితంలో చోటు లేదట. తొమ్మిదో తరగతిలో చేర్పించడానికి ఏర్పాటు చేసి, బడికి వెళ్ళడానికి సైకిలు ఇచ్చారు. నన్ను మర్నాడు స్టేషనుకు రమ్మన్నారు.

స్టేషనులో ఎస్సైగారు మంచివాడు. నిందితుడికి కూడా డిజిటల్ వయసు ఉండాలి కదా, ముందు అది తీసుకురమ్మన్నాడు. మళ్ళీ పశువుల ఆసుపత్రి. నాది మీటల ఫోను. దానికి ఇంటర్నెట్టు అంటే ఏమిటో తెలియదు, నాకూ అంతే. నన్ను ఒక టచ్ ఫోను ముందు కూర్చోబెట్టి ఏదైనా చేయమన్నారు. నేను దాన్ని నిమిరాను. అది వెలిగింది. నాకు భయం వేసి బల్ల మీద బోర్లా పెట్టాను. మూడు నిమిషాల్లో నా వయసు నూటెనిమిది అని వచ్చింది.

కాశీవిశ్వనాథం గారు ఆ కాగితం చూసి కాసేపు మౌనం పాటించాడు. "వ్యవస్థ నూరేళ్ళ వరకే అంగీకరిస్తుందండీ. ఆపైన ఉన్నవారిని దివంగతులుగా పరిగణించడం ఆనవాయితీ. మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి."

"బతికే ఉన్నాను కదండీ."

"భౌతికంగా తమరితో మాకు ఎటువంటి పేచీ లేదు" అన్నాడు.

చచ్చినవాడి మీద కేసు నిలవదు కాబట్టి బాల్యవివాహం కేసు కొట్టేశారు. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. చచ్చినవాడు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేడు. కోటేశ్వరమ్మ ఇప్పుడు పదిహేనేళ్ళ అనాథ. ఆమెకు ఒక పెద్దదిక్కును చూపించకపోతే బాలికల వసతిగృహానికి పంపుతామని హైమవతి గారి దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది. డాక్టరు పెట్టిన గడువులో సగం పైగా ఈ తిరుగుళ్ళలోనే గడిచిపోయింది. అప్పటికి ఆమె పగలూ రాత్రీ తేడాను ఒంటికి తగిలే ఎండను బట్టి తెలుసుకుంటోంది.

మాకు పెద్దదిక్కుగా నిలబడినవాడు పక్కవీధి మస్తాన్‌వలీ. ఇరవైయారేళ్ళవాడు, జేసీబీ నడుపుతాడు. ఆ బండి అదురుకు రెండు టచ్ ఫోన్లు పగిలితే విసుగు పుట్టి మీటల ఫోను కొనుక్కున్నాడు. వచ్చిన ఫోనల్లా ఎత్తుతాడు, గట్టిగా అరుస్తాడు, ఉంటా ఉంటా అని నాలుగుసార్లు అనిగాని పెట్టడు. వాడికి ఎనభై మూడేళ్ళని ఇచ్చారు. ఇచ్చిన రోజే జేసీబీ లైసెన్సు రద్దయింది.

"బాబాయ్, నా బతుకు చూడు" అంటూ వచ్చాడు, చేతిలో ఒక చేతికర్రతో. "కర్ర ఇచ్చారు. బస్సులో ఎక్కితే గర్భిణీ ఆడమనిషిని లేపి నన్ను కూకోబెట్టారు. నేను కూకోనంటే ఫైన్ రాస్తానన్నాడు. మా అమ్మ ముందు ముసలోణ్ణయిపోయినా."

కాగితాల మీద మా ముగ్గురిలో పెద్దవాడూ, బతికి ఉన్నవాడూ వాడొక్కడే. వెళ్ళి కోటేశ్వరమ్మకు తాతగా సంతకం పెట్టాడు. ఆఫీసువాళ్ళ ఎదుట ఆమె "తాతయ్యా" అని పిలిచి చూపించాల్సి వచ్చింది. ఎప్పుడూ పిన్నీ అని పిలిచే కుర్రాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ వారంలోనే మస్తాన్‌కు పెద్దాసుపత్రినుంచి పిలుపు వచ్చింది. ఎనభై దాటినవారందరికీ కంటి ఆపరేషను తప్పనిసరి చేశారు. పిలుపు వచ్చాక వెళ్ళకపోతే రేషను ఆగిపోతుంది.

"నా కళ్ళు బాగున్నాయి బాబాయ్. అర్ధరాత్రి గుంట తవ్వమన్నా గీత తప్పకుండా తవ్వుతా. వీటిని కోస్తారంట."

"ఆ కోసేది ఎవరికి కోయాలో ఎట్లా చూస్తారయ్యా అక్కడ?" అని అడిగింది కోటేశ్వరమ్మ మంచం మీదనుంచి.

"మొహం చూడరు పిన్నీ. ఫోనుకు ఓటీపీ వస్తది. ఆ అంకెలు చెప్పినోళ్ళే పేషెంటు."

నేను నీతిగా బతికిన కండక్టర్ని. ఒకరి పాసు మీద ఇంకొకరు ప్రయాణం చేస్తే నడిరోడ్డు మీద దింపేసినవాణ్ణి. ఆ ముక్కే అన్నాను. అంటే కోటేశ్వరమ్మ నా గొంతు వచ్చిన వైపుకు తిరిగి, "మీరు చచ్చిపోయారు గదా, మీకెందుకు ఇయ్యన్నీ? నువ్వు చెప్పు మస్తానూ" అంది.

మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర నన్ను ఆపేశారు. రోగితో పెద్దవాళ్ళెవరూ లోపలికి రాకూడదు. సంరక్షణలో ఉన్న మైనరు పిల్లలుంటే మాత్రం వెంట తీసుకుపోవచ్చు. ఎనభై మూడేళ్ళ మస్తాన్ తన పదిహేనేళ్ళ మనవరాలి చెయ్యి పట్టుకుని దర్జాగా లోపలికి నడిపించుకుపోయాడు. ఆపైన జరిగింది వాళ్ళు చెప్పగా విన్నదే.

లోపల అదే కళ్ళ డాక్టరుగారు ఉన్నాడు. కోటేశ్వరమ్మ బల్ల మీద పడుకుంది. డాక్టరు ఆమె కంట్లోకి దీపం వేసి చూసి గుర్తుపట్టాడు. పొరను గుర్తుపట్టాడని మస్తాన్ అంటాడు.

"మస్తాన్‌వలీ మీరేనా?" అని ఆమెనే అడిగాడట.

"నేనేనయ్యా."

"వయసు ఎనభై మూడు?"

"మీరు ఎంతంటే అంత."

మస్తాన్ తన మీటల ఫోను తీసి అంకెలు చదివాడు. కంప్యూటరులో పచ్చగా వెలిగింది. డాక్టరుగారు ఆ పచ్చదీపాన్ని చాలాసేపు చూసి, "సిస్టం మీరే మస్తాన్‌వలీ అంటోంది. సిస్టం కన్నా నాకెక్కువ తెలుసా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఇన్నాళ్ళ ఈ వ్యవహారంలో నేను మనసారా దండం పెట్టినవాడు ఆయనొక్కడే.

ముందు ఒక్క కంటికి పొర తీసి లోపల లెన్సు పెట్టారు. కట్టు విప్పిన రోజున ఆమె నన్ను తేరిపార చూసింది. ఏమంటుందో అని ఇంకాస్త దగ్గరికి జరిగాను. ఆమె నా చొక్కా గుండీ పట్టుకుని, "తెల్లచొక్కాకి నల్లదారంతో గుండీ కుట్టింది ఎవరు?" అని అడిగింది. నేనే అన్నాను. "ఇట్టా తిరిగారా ఊళ్ళో ఇన్నాళ్ళూ" అని కత్తెర తెమ్మంది. దారం తనే ఎక్కించింది. నేను పెరట్లోకి పోయి మొహం కడుక్కుని వచ్చాను.

చూపు రావడంతో ఆమె అందరిలాగే ముసలిది అయిపోయింది. ఫోనును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, గడ్డం ఎత్తి చదవసాగింది. తెలుగులో ఒక్కో అక్షరం వెతికి టైపు చేస్తోంది. పొద్దున్నే అసలైన గులాబీపువ్వు వెతికి పంపుతోంది. తెలియని ఫోను ఎత్తి ఏ ఊరండీ అని అడుగుతోంది. చెల్లెలితో మాట్లాడి, ఉంటాను మరి అని మూడుసార్లు అన్నాక మళ్ళీ అన్నట్టు అని మొదలుపెడుతోంది.

ఇదంతా కేంద్రంవాళ్ళు ఫోనులోంచే కనిపెడుతున్నారని మాకు తెలియదు. పది రోజుల్లో ఒక బాలిక పదిహేనేళ్ళ నుంచి అరవై తొమ్మిదికి చేరుకున్నట్టు వాళ్ళకు తెర మీద కనపడింది. ముందు సంబరపడ్డారట. ఇంత వేగంగా ఎదిగిన పౌరురాలు రాష్ట్రంలో మరొకరు లేరని, సన్మానం చేద్దామని కూడా అనుకున్నారట. తరువాత ఎవరికో అనుమానం వచ్చి విచారణ వేశారు. మస్తాన్‌వలీ కళ్ళు పరీక్షిస్తే ఆపరేషను జరిగిన గుర్తు లేదు. మిగతాది లాగడం ఎంతసేపు.

నోటీసు నిన్న మధ్యాహ్నం ఆమె ఫోనుకే వచ్చింది. భోజనం చేసి మిషను ముందు కూర్చుని ఉంది. మిషను మీద దుప్పటి తీసేసి చాలా రోజులైంది. ఫోను టింగుమంటే తీసి, చెయ్యి చాచి పట్టుకుని, నాకు వినపడేలా చదివింది.

"ఇందుమూలముగా కుమారి కోటేశ్వరమ్మకు తెలియజేయడమేమనగా, తమరు మైనరుగా ఉండి, వృద్ధులకు ఉద్దేశించిన కంటి లెన్సును అన్యుల పేరిట పొందియున్నట్లు విచారణలో రుజువైనది. సదరు లెన్సు సహాయముతో తమరు ఆర్జించిన వృద్ధాప్యము అక్రమార్జితముగా భావించి రద్దు చేయడమైనది. కావున సదరు లెన్సును తొలగించి, అసలు హక్కుదారు మరియు తమ సంరక్షకుడు అయిన శ్రీ మస్తాన్‌వలీ, వయసు ఎనభై మూడు, గారి కంటిలో అమర్చు నిమిత్తము, వచ్చే సోమవారము తాతగారితో సహా కేంద్రమునకు హాజరు కావలెను. రెండవ కంటికి సంబంధించిన దరఖాస్తును, తమరికి అరవై ఏళ్ళు నిండిన పిమ్మట పరిశీలించగలము."

వెళ్ళొద్దు అన్నాను. చెల్లెలి ఊరు వెళ్ళిపోదాం అన్నాను. ఒక్క కన్ను, ఎన్ని గుమ్మాలు తిరిగితే వచ్చింది, దాన్ని పీకి ఆ కుర్రాడి నిక్షేపంలాంటి కంట్లో పెడతారట. ఇంకా ఏమేమో తిట్టాను. కండక్టరుగా ఉన్న రోజుల్లో కూడా అన్ని మాటలు వాడలేదు.

ఆమె నన్ను తిట్టనిచ్చింది. నోటీసు ఇంకోసారి మొదటినుంచి మనసులో చదువుకుంది, కింద సంతకం దాకా. తరువాత కుడుతున్న జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

"సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే ఆటో పిలవండి" అంది. "ఆ ఆఫీసుకి రెండు సార్లు పోయినా గదా, మాటలు వినపడటమే గానీ ఒక్కళ్ళ మొహం కనపళ్ళా. తీసుకునేవాళ్ళని ఎదురుగా నిలబడి తీసుకోమందాం. ఈసారి నేను చూస్తా ఉంటా."